ఆగిన చదువుకు ఆన్‌లైన్ డిగ్రీ ఆసరా అవుతుందా?

బీటెక్‌లో సబ్జెక్టులు మిగిలిపోయి, క్రెడిట్లు చాలక డిటెయిన్ అయి, చివరికి కాలేజీ గడప తొక్కడమే మానేసిన పిల్లలు తెలుగు రాష్ట్రాల్లో ఏ ఊళ్లోనైనా ఉంటారు. బంధువులు అడిగితే ఇంట్లోవాళ్లు ఏదో కోర్సు చేస్తున్నాడని చెప్పి మాట దాటేస్తారు. జేఎన్టీయూ నిబంధనల్లో నాలుగేళ్ల కోర్సుకు గడువు ఎనిమిదేళ్లు. అది దాటితే సీటే పోతుంది. ఇలాంటివాళ్ల ఫోన్లలోకి ఇప్పుడు ఆన్‌లైన్ డిగ్రీ ప్రకటనలు వచ్చిపడుతున్నాయి. క్లాసుకు రానక్కర్లేదు, ఉద్యోగం చేసుకుంటూ తీరిక దొరికినప్పుడు చదువుకోవచ్చు అంటున్నాయి. ఈ దారి నిజంగానే ఉంది, మంచిదే. కానీ ఒకసారి దెబ్బతిన్న విద్యార్థి చూసుకోవాల్సింది తీరిక సంగతి కాదు, వెంటపడి చదివించేవాళ్లు ఉన్నారా లేదా అన్నది.

ఎందుకంటే ఆన్‌లైన్ చదువు అందరికీ ఒకేలా అచ్చిరాదు. అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్రంలో కమ్యూనిటీ, టెక్నికల్ కాలేజీల విద్యార్థులు 40 వేల మందికి పైగా చదివిన దాదాపు 5 లక్షల కోర్సుల ఫలితాలను కొలంబియా విశ్వవిద్యాలయ పరిశోధకులు పరిశీలించారు. తరగతి గదిలో కంటే ఆన్‌లైన్‌లో మధ్యలో మానేసినవాళ్లు ఎక్కువ, వచ్చిన గ్రేడ్లు తక్కువ. అప్పటికే చదువులో వెనకబడి ఉన్నవాళ్లకు ఆ నష్టం ఇంకా ఎక్కువగా తగిలింది. అంటే ఈ దారి ఎవరికి ఎక్కువ అవసరమో వాళ్లే ఎక్కువగా జారిపడుతున్నారు. మన దగ్గర దీనికి ఇంకో కారణం కూడా తోడవుతుందని నాకనిపిస్తుంది. ఇంటర్ రెండేళ్లూ రెసిడెన్షియల్ కాలేజీలో తెల్లవారుజాము నుంచి రాత్రి దాకా స్టడీ అవర్లలో, లెక్చరర్ కళ్లెదుటే చదివిన పిల్లవాడు తన రోజును తనే దిద్దుకోవడం ఎప్పుడు నేర్చుకున్నాడు? ఇంజనీరింగ్‌లో అడిగేవాళ్లు లేకపోయేసరికే సబ్జెక్టులు పేరుకుపోయాయి. అదే పిల్లవాడి చేతికి రికార్డు చేసిన పాఠాలిచ్చి వీలున్నప్పుడు చూసుకోమంటే, ఆ వీలు పరీక్షల ముందు వారం దాకా రాదు.

తరగతి గదిలోనే నిలబడనివాడు ఇంట్లో ఒంటరిగా ఏం చదువుతాడని పెద్దలు అంటారు. ఆ అనుమానాన్ని కొట్టిపారేయలేం. కానీ అందులో ఫెయిలవడాన్ని మనిషి స్వభావంగా చూడటం ఉంది. దానికి సమాధానం న్యూయార్క్ సిటీ యూనివర్సిటీలో దొరుకుతుంది. 2007లో అక్కడి కమ్యూనిటీ కాలేజీల్లో ఏఎస్‌ఏపీ అనే పథకం పెట్టి, ప్రతి విద్యార్థికీ తరచూ కలిసే సలహాదారును, ట్యూషన్‌ను, ప్రయాణ ఖర్చును, పుస్తకాలకు సాయాన్ని కల్పించారు. గణితంలోనో ఇంగ్లిషులోనో వెనకబడి చేరినవాళ్లను లాటరీ పద్ధతిలో రెండు జట్లు చేసి పోల్చారు. మూడేళ్లలో పట్టా అందుకున్నవాళ్లు మామూలు జట్టులో 22 శాతమైతే పథకంలో ఉన్న జట్టులో 40 శాతం. అది ఆన్‌లైన్ చదువు కాదు, నిజమే. కానీ పట్టించుకునే మనిషి ఉంటే ఫలితం ఎంత మారుతుందో ఇంతకంటే స్పష్టంగా తెలియదు.

ఈ సంగతి మనవాళ్లకు కొత్తేమీ కాదు. దేశంలో మొదటి సార్వత్రిక విశ్వవిద్యాలయం 1982లో తెలుగు నేల మీదే పుట్టింది. అదే ఇప్పటి డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయం. ఇంటర్ లేనివాళ్లు కూడా అర్హత పరీక్ష రాసి డిగ్రీలో చేరే వీలు కల్పించింది. పుస్తకాలు చేతికిచ్చి వదిలేయకుండా ఊరూరా కాలేజీల్లో స్టడీ సెంటర్లు తెరిచి, సెలవు రోజుల్లో క్లాసులు పెట్టింది. ఆ క్లాసుల్లో విద్యార్థికి ఓ లెక్చరర్, పక్కన తనలాంటి నలుగురూ కనిపించేవారు. ఐఐటీ మద్రాస్ 2020లో మొదలుపెట్టిన ఆన్‌లైన్ డేటా సైన్స్ కోర్సు కూడా ఈ కిటుకు తెలిసి నడుస్తోంది. జేఈఈ అక్కర్లేదు, కానీ నాలుగు వారాల పాఠాలు చదివి అర్హత పరీక్ష గట్టెక్కాలి. చేరాక వారం వారం అసైన్‌మెంట్లు ఇవ్వాలి, పరీక్షలు కేంద్రానికి వెళ్లి రాయాలి. సెమిస్టరుకు ఎన్ని కోర్సులు తీసుకోవాలన్నది విద్యార్థి ఇష్టం. మధ్యలో ఆగినా అప్పటిదాకా చదివినదానికి సర్టిఫికెట్టో డిప్లొమానో దక్కుతుంది. ఒకసారి చేతులు కాలినవాడికి ఇది చిన్న ధైర్యం కాదు.

ఉద్యోగాల్లో ఈ పట్టాకు విలువ ఉంటుందా అన్నది మరో అభ్యంతరం. గుర్తింపు ఉన్న సంస్థలు ఇచ్చే ఆన్‌లైన్, దూరవిద్య డిగ్రీలు రెగ్యులర్ డిగ్రీలతో సమానమేనని యూజీసీ 2022లో తేల్చి చెప్పింది. ప్రైవేటు కంపెనీల చూపు మారడానికి ఇంకా టైమ్ పడుతుంది. అయితే ఇక్కడ పోల్చాల్సింది రెగ్యులర్ డిగ్రీతో కాదు, ఏ డిగ్రీ లేకుండా మిగిలిపోవడంతో. ఒక్కటి మాత్రం ముందే తెలుసుకోవాలి: బీటెక్, ఫార్మసీ, నర్సింగ్, న్యాయశాస్త్రం వంటివి ఆన్‌లైన్‌లో చదివే వీల్లేదు. బీటెక్ మానేసినవాళ్లు బీసీఏ, బీకాం, బీఏ లాంటివాటికి మళ్లాల్సిందే. పాస్ అయిన సబ్జెక్టుల క్రెడిట్లను దాచుకుని వేరే చోట వాడుకునేందుకు 2021లో అకడమిక్ బ్యాంక్ ఆఫ్ క్రెడిట్స్ వచ్చింది. అందులో క్రెడిట్లు గరిష్ఠంగా ఏడేళ్లు చెల్లుతాయి. కొత్త విశ్వవిద్యాలయం వాటిలో ఎన్నింటిని ఒప్పుకుంటుందో ఫీజు కట్టకముందే రాతపూర్వకంగా అడిగి తీసుకోవాలి.

మరో ప్రశ్న కూడా అడగాలి: చేరినవాళ్లలో గడువులోగా పూర్తి చేసిందెందరు? ప్రకటనల్లో ఫీజు వాయిదాలు కనిపిస్తాయి, జీతాల లెక్కలు కనిపిస్తాయి, ఈ అంకె మాత్రం కనిపించదు. ప్రతి ఆన్‌లైన్ కోర్సూ తన ప్రవేశ ప్రకటనలోనే దాన్ని అచ్చువేయాలని యూజీసీ నిబంధన పెట్టాలి. పిల్లల్ని చేర్చుకోవడానికి ఫోన్ల మీద ఫోన్లు చేసే సిబ్బంది, చేరాక రెండు వారాలు లాగిన్ కాని విద్యార్థికి కూడా ఒక ఫోన్ చేయగలరు.