పంపు కొనేముందు మూడు అంకెలు

దుబాయ్‌లోని సత్వాలో కారుకు సీటు కవర్లు కుట్టిస్తారు, అద్దాలకు ఫిల్మ్ అంటిస్తారు, లైట్లు మారుస్తారు. ఇంజన్ మొరాయిస్తే మాత్రం చాలామంది బండిని అల్‌ఖూజ్‌కో, షార్జా ఇండస్ట్రియల్ ఏరియాకో తోలుకుపోతారు. పాత పెట్రోల్ పికప్పుల యజమానులు తరచూ చెప్పే బాధ ఒకటుంది. సత్వా సందుల్లో బండి బుద్ధిగా తిరుగుతుంది. షేక్ జాయెద్ రోడ్డెక్కి వందకు చేరేసరికి జర్కులు కొడుతుంది. ఫోనులో విన్న మెకానిక్ ‘ఫ్యూయల్ పంపు పోయింది’ అనేస్తాడు. పోయి ఉండొచ్చు. కానీ ఆ మాట తేల్చాల్సింది మూడు అంకెలు: ఎంత ప్రెషర్, ఎంత పెట్రోలు, ఎన్ని వోల్టులు.

ముందు పెట్రోలు సంగతి. రెండున్నర లీటర్ల లోపు ఇంజన్ ఊరికే నిలబడి తిరిగితే గంటకు సుమారు లీటరు తాగుతుంది. సరుకుతో వంద వేగంలో పోతూ వంద కిలోమీటర్లకు 14 లీటర్లు తాగే బండి గంటకు తాగేదీ 14 లీటర్లే. యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కితే 30, 40 దాకా పోతుంది. బాగున్న పంపు గంటకు 80 నుంచి 100 లీటర్లు తోస్తుంది. పాత ఇంజన్లలో మిగిలిపోయింది రిటర్న్ పైపులో తిరిగి టాంకీలో పడుతుంది. ఇంత మిగులు ఉంది కాబట్టే సగం చచ్చిన పంపు కూడా ఊళ్లో దొరకదు, హైవే మీదే దొరుకుతుంది. కొలవడం తేలిక: రిటర్న్ పైపు నుంచి డబ్బాలోకి వదిలితే అర నిమిషంలో అర లీటరైనా రావాలి. అంటే గంటకు 60 లీటర్లు.

ప్రెషర్‌కు గేజి కావాలి. కేఏ24డీఈ ఇంజన్ ఉన్న నిస్సాన్ పికప్పులో ఐడిల్ మీద సుమారు 34 పీఎస్ఐ చూపాలి, రెగ్యులేటర్ వ్యాక్యూమ్ పైపు ఊడదీస్తే 43కు ఎగబాకాలి. ఆ తొమ్మిది తేడా రాకపోతే అనుమానించాల్సింది రెగ్యులేటర్‌ని, పంపుని కాదు. షెవర్లే 5.7 లీటర్ల పికప్పుల కథ వేరు. 1995 దాకా 9 నుంచి 13 పీఎస్ఐ చాలు. 1996లో వచ్చిన వోర్టెక్ ఇంజన్‌కు 60 నుంచి 66 కావాలి. పేరు ఒకటే, ఇంజన్ కొలతా ఒకటే, పంపు మాత్రం ఒకటి కాదు. అందుకే దుకాణంలో బండి పేరు చెప్పకండి, ముల్కియా (బండి రిజిస్ట్రేషన్ కార్డు) చూపించి ఛాసిస్ నంబరు చదివించండి.

తాళం తిప్పగానే టాంకీ నుంచి గుయ్యిమనే శబ్దం రాలేదని పంపును తప్పుపట్టేవారూ ఉన్నారు. చాలా బండ్లలో పంపు రెండు నుంచి ఐదు సెకన్లు తిరిగి ఆగుతుంది. కొన్ని పాత టయోటాల్లో సెల్ఫ్ కొడితే తప్ప తిరగదు.

ఎక్కువమంది దాటేసేది మూడో అంకె. ఇంజన్ నడుస్తుంటే బ్యాటరీ దగ్గర 13.5 వోల్టులు ఉన్నాయనుకోండి. పంపు లాగేది 5 ఆంపియర్లు. తుప్పుపట్టిన ఎర్త్ బోల్టులో అర ఓమ్ నిరోధం చేరితే 2.5 వోల్టులు అక్కడే ఖర్చు. పంపుకు అందేవి 11. అంత తక్కువ వోల్టులతో కొత్త పంపు కూడా నీరసంగానే తిరుగుతుంది. సముద్రపు తేమకు పాత ఛాసిస్ మీద తుప్పు వింతేమీ కాదు. నన్నడిగితే వైరు బ్రష్షుతో ఎర్త్ రుద్దకుండా పంపు మార్చడం డబ్బు పారబోయడమే.

అసలు పంపులు త్వరగా ఎందుకు పోతాయి? టాంకీలో ఉన్న పెట్రోలే పంపు మోటారును చల్లబరుస్తుంది. పెట్రోలు తగ్గితే ఆ చల్లదనమూ తగ్గుతుంది. తక్కువ కొట్టించడానికి ధరా ఒక కారణమే: యూఏఈలో 2015 ఆగస్టులో పెట్రోలు ధరను ప్రపంచ మార్కెట్‌కు ముడిపెట్టారు. అంతకు ముందు నెల 95 రకం లీటరు 1.72 దిర్హాములు, 20 దిర్హాములకు పదకొండున్నర లీటర్లు. 2022 జూలైలో లీటరు 4.52 అయ్యేసరికి అదే నోటుకు నాలుగున్నర లీటర్లు కూడా రాలేదు. చిన్నచిన్న మొత్తాలు కొట్టించుకుంటూ రిజర్వ్ మీద బండి నడిపితే నలభై ఐదు డిగ్రీల ఎండలో పంపు కాగుతుంది. పావు టాంకీకి తగ్గనీయకపోతే మేలు.

మార్చాలని తేలాక పని మొదలయ్యేది టాంకీ ఖాళీ చేయడంతో. 65 లీటర్ల టాంకీ నిండుగా ఉంటే పెట్రోలే దాదాపు 48 కిలోలు. దాన్ని జాకీ మీద దించడం ప్రమాదం. చాలా పికప్పుల్లో టాంకీని దించడం కన్నా వెనక తొట్టి బోల్టులు విప్పి నలుగురు పట్టి పైకెత్తడం సులువు. పైపులు విప్పేముందు పంపు ఫ్యూజు పీకి, ఇంజన్ ఆగిపోయేదాకా నడిపి పైపులో ప్రెషర్ దించాలి. తర్వాత బ్యాటరీ నెగెటివ్ విప్పాలి.

మోటారు పెట్రోల్లో మునిగి తిరుగుతున్నా ఎందుకు అంటుకోదు? గాలిలో పెట్రోలు ఆవిరి 1.4 శాతం నుంచి 7.6 శాతం మధ్య ఉంటేనే మండుతుంది. మూసిన టాంకీలో ఆవిరి సాధారణంగా ఆ హద్దు పైనే ఉంటుంది. మూత తీశారా, గాలి చేరి ఆ మధ్య అంకెల్లోకి దిగుతుంది. పైగా ఆవిరి గాలి కన్నా బరువు, నేల మీద పాకుతుంది. మైనస్ 40 డిగ్రీల చలిలోనే ఆవిరి అంటుకోగల ద్రవం ఇది. కాబట్టి ఫ్లాట్ కింద పార్కింగ్‌లో ఈ పని వద్దు. ఆరుబయట చేయిస్తే, జూన్ 15 నుంచి సెప్టెంబరు 15 వరకు మధ్యాహ్నం 12:30 నుంచి 3 దాకా ఎండలో కార్మికులతో పని చేయించకూడదన్న ఇక్కడి నిబంధన కూడా గుర్తుంచుకోండి.

పంపుతోపాటు జల్లెడ, మూత కింది రబ్బరు రింగు, ఫిల్టరు మార్చాలి. టాంకీ లోపలి గొట్టానికి పెట్రోల్లో మునిగి ఉండే రకమే వాడాలి. మామూలు పెట్రోల్ పైపు బయటి నుంచి పెట్రోలు తాకితే ఉబ్బి చీలుతుంది.

పాత పంపు మీకే తిరిగి ఇమ్మనండి. బిల్లు మీద మార్చకముందు ఎంత ప్రెషర్ ఉందో, మార్చాక ఎంత వచ్చిందో రెండూ రాయించండి. రాయనన్న చోట బండి ఇవ్వకండి.