ధ్రువకాంతులు: కెమెరా చూసేది, రాడార్ కొలిచేది

బాగ్దాద్ ఖలీఫా అల్ ముఖ్తదిర్ పంపిన రాయబార బృందంతో ఇబ్న్ ఫద్లాన్ క్రీ.శ. 922లో (హిజ్రీ 310) వోల్గా నదీ తీరంలోని బుల్గార్ రాజ్యానికి చేరుకున్నారు. అక్కడ ఓ రోజు ఆకాశం ఎర్రబడింది. మనుషులు, గుర్రాలు తలపడుతున్నట్టు ఆకారాలు కదిలాయి. బృందం భయపడి దుఆ చేయసాగింది. స్థానికులు మాత్రం నవ్వారు. అవి విశ్వాసులైన జిన్నాతులకు, అవిశ్వాసులైన జిన్నాతులకు మధ్య జరిగే యుద్ధమని తమ పూర్వీకులు చెప్పేవారని అక్కడి రాజు వివరించాడు. ఇబ్న్ ఫద్లాన్ రాసింది ధ్రువకాంతుల గురించేనని చాలామంది పరిశోధకుల అభిప్రాయం.

అసలేం జరుగుతుంది?

సూర్యుడి నుంచి విద్యుదావేశం ఉన్న కణాలు నిత్యం వెలువడుతుంటాయి. వాటి శక్తి భూమి అయస్కాంత క్షేత్రంలో పేరుకుని, ఎలక్ట్రాన్లను ధ్రువాల వైపు దూసుకొచ్చేలా చేస్తుంది. అవి గాలిలోని అణువులను ఢీకొన్నప్పుడు వెలుగు పుడుతుంది. సుమారు 100 కిలోమీటర్ల ఎత్తు నుంచి ఆక్సిజన్ ఆకుపచ్చ రంగునిస్తుంది. 200 కిలోమీటర్లు దాటితే అదే ఆక్సిజన్ ఎర్రగా మెరుస్తుంది.

ఎత్తు ఎలా తెలిసింది?

నార్వే శాస్త్రవేత్త కార్ల్ స్టోర్మర్ 1910 ప్రాంతంలో రెండు కెమెరాలను కొన్ని కిలోమీటర్ల దూరంలో పెట్టి, టెలిఫోన్‌లో మాట్లాడుకుంటూ ఒకే క్షణంలో ఫొటోలు తీయించారు. రెండు ఫొటోల్లో నక్షత్రాల మధ్య వెలుగు స్థానం ఎంత మారిందో చూసి ఎత్తు లెక్కగట్టారు. ఇప్పుడు మొత్తం ఆకాశాన్ని ఒకే గుండ్రని చిత్రంలో బంధించే ఆల్‌స్కై కెమెరాలు ఆ పని చేస్తున్నాయి. అయితే మబ్బు పట్టినా, పగలైనా వీటికి ఏమీ కనిపించదు.

ఆ లోటును రాడార్ తీరుస్తుంది. నార్వేలోని ట్రోమ్సో దగ్గర ఐస్‌క్యాట్ సంస్థ రాడార్లు 1980ల నుంచి పనిచేస్తున్నాయి. శక్తిమంతమైన రేడియో తరంగాలను పైకి పంపితే, ఎలక్ట్రాన్లను తాకి అతి స్వల్పంగా తిరిగొస్తాయి. అంత బలహీనమైన సంకేతాన్ని పట్టుకోవడానికే 32 మీటర్ల డిష్ వాడుతున్నారు. ఏ ఎత్తులో ఎన్ని ఎలక్ట్రాన్లు ఉన్నాయి, వాటి వేడి ఎంత, ఏ వేగంతో కదులుతున్నాయన్నది ఆ సంకేతం చెబుతుంది. వెలుగు ఎక్కడుందో కెమెరా చూపిస్తే, అక్కడ గాలిలో వచ్చిన మార్పును రాడార్ కొలుస్తుంది. రెండూ కలిస్తేనే లెక్క పూర్తవుతుంది.

మనకెందుకు?

ఈ వెలుగుల వెనక ఉన్న సౌర తుఫాను నష్టం కూడా తెస్తుంది. 1989 మార్చిలో కెనడాలోని క్యూబెక్‌లో దాదాపు 60 లక్షల మందికి తొమ్మిది గంటల పాటు కరెంటు పోయింది. 2022 ఫిబ్రవరిలో స్టార్‌లింక్ ప్రయోగించిన 49 ఉపగ్రహాల్లో 40 దాకా దెబ్బతిన్నాయి. తుఫాను వేడికి పైపొరల్లోని గాలి వ్యాకోచించి వాటిని కిందికి లాగేసింది. ఫోన్‌లో దారి చూపించే జీపీఎస్ సంకేతాలు కూడా ఆ పొరలను దాటుకునే రావాలి.

ఇది ఉత్తర దేశాల సమస్య మాత్రమే కాదు. 2024 మే నెలలో వచ్చిన పెద్ద తుఫానుకు లద్దాఖ్‌లోని హన్లే అబ్జర్వేటరీ కెమెరాలు సైతం ఆకాశంలో ఎర్రటి కాంతిని నమోదు చేశాయి. మన తిరుపతి సమీపంలోని గాదంకిలో ఉన్న రాడార్ కూడా పై వాతావరణంలోని మార్పులను గమనిస్తోంది.

నార్వే, స్వీడన్, ఫిన్లాండ్‌లలో ఐస్‌క్యాట్ కొత్తగా చేపట్టిన రాడార్ వ్యవస్థలో, నార్వేలోని షీబోట్న్ కేంద్రంలోనే దాదాపు 10 వేల యాంటెన్నాలు ఉంటాయి. ఒకే దిక్కుకు కాకుండా ఆకాశంలో పెద్ద భాగాన్ని మూడు కొలతల్లో ఇది చూపగలదు. తుఫాను సమయంలో పై వాతావరణం ఎలా మారుతుందో ఎంత బాగా అర్థమైతే, ఉపగ్రహాలు, కరెంటు లైన్లు నడిపేవారికి అంత మెరుగైన హెచ్చరికలు ఇవ్వడం వీలవుతుంది.