“నువ్వు ఎప్పుడు వెళ్తావు?” – పరాయి దేశంలో పిల్లల సేవకు వెళ్లేవారి మనసు గురించి

ప్రతి ఏడూ మార్చి, ఏప్రిల్ నెలల్లో మన ఆసుపత్రికి కొందరు యువతీ యువకులు టీకాల కోసం వస్తుంటారు. నర్సింగ్ పూర్తిచేసినవారు, డిగ్రీ చదువుతున్నవారు, అప్పుడప్పుడు రిటైరైన టీచర్లు కూడా ఉంటారు. సెలవుల్లో నేపాల్‌కో, కంబోడియాకో, ఆఫ్రికాలోని ఏదో దేశానికో వెళ్లి అక్కడి పిల్లలతో కొన్ని వారాలు పనిచేసి రావాలని వాళ్ల కోరిక. టైఫాయిడ్, హెపటైటిస్ టీకాలు వేయించుకుంటారు. మలేరియా మాత్రల గురించి అడుగుతారు. ఎల్లో ఫీవర్ సర్టిఫికెట్ ఎక్కడ ఇస్తారో రాసుకుంటారు. మనసు సంగతి మాత్రం ఎవరూ అడగరు.

నేనూ అడగలేదు. 2009లో కంబోడియాలోని సీయెం రీప్ పట్టణం దగ్గర ఒక పిల్లల గృహంలో ఆరు వారాలు వాలంటీర్‌గా పనిచేశాను. అప్పటికి ఎనిమిదేళ్లుగా పిల్లల వార్డులో నర్సును. ఏడ్చే పిల్లల్ని చూశాను, మన చేతుల్లోనే వెళ్లిపోయిన పిల్లల్నీ చూశాను. ఆరు వారాలు ఏమంత కష్టం అనుకున్నాను. ఆ ఆరు వారాల్లో నా మనసు ఎన్నిసార్లు పైకి లేచి కిందపడిందో, అప్పుడు నేను గమనించనిది ఏమిటో ఇక్కడ రాస్తున్నాను. వెళ్లబోయేవారికి ఉపయోగపడుతుందని ఆశ.

మొదటి వారం: ఎంత ప్రేమో!

బండి దిగి గేటు లోపలికి అడుగు పెట్టానో లేదో, నాలుగేళ్ల పాప ఒకతె పరుగెత్తుకొచ్చి నా కాళ్లు చుట్టేసుకుంది. నా ముఖమైనా సరిగా చూడలేదు. ఎత్తుకోమని చేతులు చాపింది. సాయంత్రానికి నా ఒళ్లో నిద్రపోయింది. “బాంగ్, బాంగ్” అంటూ పదిమంది పిల్లలు నా చుట్టూ చేరారు. వాళ్ల ఖ్మేర్ భాషలో ఆ మాట మన అక్క, అన్న లాంటి పిలుపు. ఆ రాత్రి ఫోన్‌లో అమ్మతో, “నన్ను ఎప్పటినుంచో ఎరిగినట్టే ఉన్నారమ్మా” అన్నాను. అమ్మ ఒక్క క్షణం ఆగి, “అంత చిన్నపిల్ల కొత్తవాళ్ల దగ్గరికి అలా ఎలా వచ్చేసిందే?” అంది. నేను పట్టించుకోలేదు.

తొమ్మిదేళ్ల అబ్బాయి ఒకడు మాత్రం దగ్గరికి రాలేదు. అరుగు చివర కూర్చుని చాలాసేపు నన్ను చూశాడు. చివరికి వచ్చీరాని ఇంగ్లీషులో ఒకే ఒక్క ప్రశ్న వేశాడు: “నువ్వు ఎప్పుడు వెళ్తావు?” నేను నవ్వి, “ఇప్పుడేగా వచ్చాను!” అన్నాను. వాడు నవ్వలేదు.

రెండో వారం నుంచి: కిందికి

రెండో వారానికి నా ఉత్సాహం అణగారిపోయింది. భాష రాదు. మన ఎండుచేపల వాసన ఎరిగినదాన్నే అయినా, వాళ్ల చేపల ముద్ద ‘ప్రహోక్’ వాసన రోజూ మూడు పూటలా భరించలేకపోయాను. తల్లో పేలు పట్టాయి. జ్వరం వచ్చింది. ఒక పాప చెవి నుంచి చీము కారుతుంటే మందు వేయడానికి అనుమతి కోసం రెండు రోజులు తిరిగాను. “నేను వచ్చి ఎవరికి మేలు?” అని స్నానాల గదిలో ఏడ్చిన రోజులున్నాయి. ఏడ్చాక సిగ్గేసేది. సేవకు వచ్చి ఇలా విసుక్కుంటున్నానేమిటని నన్ను నేనే తిట్టుకునేదాన్ని.

ఇది నా ఒక్కదాని బలహీనత కాదని తర్వాత చదివి తెలుసుకున్నాను. పరాయి దేశానికి వెళ్లినవారి మనసు మొదట పైన ఉండి, కొంతకాలానికి కిందికి దిగి, మళ్లీ నెమ్మదిగా లేస్తుందని నార్వే పరిశోధకుడు లీస్‌గార్డ్ 1955లోనే రాశారు. ఈ అవస్థను ‘కల్చర్ షాక్’గా కాలెర్వో ఓబెర్గ్ 1960లో వివరించారు. అందరికీ అదే వరుసలో జరగాలని లేదు. గల్ఫ్ దేశాలకు వెళ్లిన మన నర్సులను అడగండి, ఎవరి కథ వారు చెబుతారు. అయితే ఉద్యోగానికి వెళ్లినవారికి కోలుకోవడానికి రెండు మూడేళ్లు ఉంటాయి. ఆరు వారాల వాలంటీరు, మనసు కుదుటపడే లోపే పెట్టె సర్దుకోవాలి. అందువల్ల మనసు కిందపడినప్పుడల్లా మనం వెంటనే ఊరట కోసం వెతుక్కుంటాం. నాకు ఆ ఊరట ఆ నాలుగేళ్ల పాప. మనసు బాగోలేనప్పుడల్లా వెళ్లి దాన్ని ఎత్తుకునేదాన్ని. బిడ్డకు నేను ఓదార్పు ఇస్తున్నాననుకున్నాను. నిజానికి ఆ బిడ్డ నుంచి తీసుకుంటున్నాను.

గేటు దగ్గర నిలబడిన తల్లి

నాలుగో వారంలో ఒక ఆదివారం సాయంత్రం. గళ్ల తువ్వాలు తలకు చుట్టుకున్న ఒక స్త్రీ, చేతిలో మామిడిపండ్ల సంచితో గేటు దగ్గర నిలబడింది. వంటమనిషి వచ్చి ఆ పాప పేరు పిలిచింది. వచ్చినావిడ పాప తల్లి. అప్పటిదాకా అది అనాథ అనే నేను నమ్మాను.

పాప నా ఒళ్లోంచి లేవలేదు. తల్లి మళ్లీ పిలిచింది. పాప నా మెడ గట్టిగా పట్టుకుంది. తల్లి పాపను చూడలేదు, నా ఒడిని చూసింది. ఆ చూపులో కోపం లేదు. మామిడిపండ్లు వంటమనిషి చేతికిచ్చి, కాసేపు నిలబడి, చీకటి పడకముందే వెళ్లిపోయింది. నేను లేచి పాపను తీసుకెళ్లి ఆమె చేతుల్లో పెట్టాల్సింది. ఆ పని నాకు తోచలేదు. నాకు తోచిందల్లా, పాప నన్నే ఎంచుకుంది అని. ఈ మాట రాయడానికి నాకు చాలా ఏళ్లు పట్టింది.

వెళ్లే రోజు అందరిలాగే ఫొటోలు దిగాను, బిస్కెట్లు పంచాను, “మళ్లీ వస్తాను” అన్నాను. మళ్లీ వెళ్లలేదు. నా బండి కదిలేసరికి కొత్త వాలంటీర్ల వ్యాను లోపలికి వస్తోంది. పాప అప్పటికే ఒకామె కాళ్లు చుట్టేసుకుంది. అబ్బాయి అరుగు చివరే ఉన్నాడు. వాడు ఆమెను ఏమడిగి ఉంటాడో నాకు తెలుసు.

ఆ పాప ఎందుకు పరుగెత్తుకొచ్చింది?

అమ్మ అడిగిన ప్రశ్నకు జవాబు ఇది. మామూలుగా నాలుగేళ్ల బిడ్డ కొత్తవారిని చూస్తే తల్లి కొంగు వెనక దాక్కుంటుంది. దాక్కోవడానికి కొంగు ఉన్నదని ఆ బిడ్డకు తెలుసు. చూసుకునేవారు తరచూ మారిపోయే చోట పెరిగిన పిల్లల్లో కొందరు కొత్త, పాత తేడా లేకుండా ఎవరి దగ్గరికైనా వెళ్లిపోతారు. మానసిక వైద్యులు దీన్ని ఒక ప్రత్యేక సమస్యగా లెక్కిస్తున్నారు. మనం ప్రేమ అని మురిసిపోయేది ఒక్కోసారి గాయానికి గుర్తు.

దూరంగా కూర్చునే పిల్లవాడిదీ గాయమే. మన వార్డుల్లో బిడ్డ పక్కన తల్లి పడుకోవడం మనకు మామూలు విషయం. 1950లలో ఇంగ్లండు ఆసుపత్రుల్లో అలా ఉండనిచ్చేవారు కారు. తల్లి నుంచి విడిపోయిన చిన్నపిల్లలను జేమ్స్ రాబర్ట్‌సన్ దగ్గరుండి గమనించారు. మొదట ఏడుపు, తర్వాత దిగులు, చివరికి తల్లి వచ్చినా పట్టనట్టు ఉండిపోవడం. ఈ మూడో దశ చూసి నర్సులు “బిడ్డ అలవాటుపడ్డాడు” అని సంతోషించేవారు. 1952లో ఆయన ఒక రెండేళ్ల పాప ఆసుపత్రి రోజులను సినిమాగా తీసి చూపించారు. జాన్ బౌల్బీ 1951లో ప్రపంచ ఆరోగ్య సంస్థకు రాసిన నివేదిక కూడా ఇదే చెప్పింది: బిడ్డకు తిండి, మందు ఎంత అవసరమో, విడిచిపోని ఒక మనిషి అంత అవసరం.

రొమేనియా రాజధాని బుకారెస్ట్‌లో అనాథాశ్రమాల్లోని 136 మంది పసిపిల్లలతో ఒక అధ్యయనం చేశారు. సగంమందిని పెంపుడు కుటుంబాల్లో ఉంచారు. 2007లో వెల్లడైన ఫలితాల ప్రకారం కుటుంబాల్లో పెరిగిన పిల్లలు తెలివితేటల్లో ముందున్నారు. రెండేళ్లలోపే కుటుంబంలోకి వచ్చినవారికి మేలు మరీ ఎక్కువ.

కంబోడియా సంగతికి వస్తే, 2011లో అక్కడి ప్రభుత్వం, యునిసెఫ్ కలిసి ఇచ్చిన నివేదికలో రెండు విషయాలు బయటపడ్డాయి. అంతకుముందు ఐదేళ్లలో పిల్లల గృహాలు 75 శాతం పెరిగాయి. వాటిలోని పిల్లల్లో నలుగురిలో దాదాపు ముగ్గురికి తల్లో తండ్రో బతికే ఉన్నారు. పేదరికం వల్ల, చదువు వస్తుందన్న ఆశతో కన్నవారే తెచ్చి చేర్పించారు. మనలాంటి వాలంటీర్లు, వాళ్లిచ్చే చందాలు ఎక్కువైన కొద్దీ గృహాలూ ఎక్కువయ్యాయి. 2019 డిసెంబరులో ఐక్యరాజ్యసమితి సర్వసభ్య సభ కూడా, అనాథాశ్రమాల్లో వాలంటీరు కార్యక్రమాల వల్ల పిల్లలకు కలిగే హానిని నివారించాలని దేశాలను కోరింది.

మరి వెళ్లకూడదా?

వెళ్లవద్దని నేను అనను. ఏ పనికి వెళ్తున్నామో చూసుకోవాలి. సీయెం రీప్‌లో ఒక శనివారం సాయంత్రం డాక్టర్ బీట్ రిచ్నర్ చెల్లో వాద్యం వాయిస్తుంటే వినడానికి వెళ్లాం. ఈ స్విట్జర్లాండ్ పిల్లల డాక్టరు 1970లలో కంబోడియాలో పనిచేసి, యుద్ధం వల్ల వెళ్లిపోయి, 1990లలో తిరిగివచ్చి కాంతా బోఫా ఆసుపత్రులను మళ్లీ నిలబెట్టారు. 2018లో చనిపోయారు. ఆయన పర్యాటకులను వార్డులోకి వచ్చి పిల్లలను ఎత్తుకోమని అడగలేదు. పడుచువాళ్లను రక్తం ఇమ్మన్నారు, పెద్దవాళ్లను డబ్బు ఇమ్మన్నారు. నాతో ఉన్న ఇద్దరు వాలంటీర్లు వెళ్లి రక్తం ఇచ్చారు. ఆ ఊరిలో మేము చేసిన పనుల్లో మంచిది అదేనని ఇప్పుడు అనిపిస్తుంది.

వెళ్లే ముందు ఇవి అడగండి

• పిల్లలను రోజూ చూసుకునేది ఎవరు? స్థానిక సిబ్బంది అయితే మంచిది. వాలంటీర్లే అయితే వెళ్లకండి.
• మీ పోలీసు సర్టిఫికెట్, అనుభవం అడిగారా? ఏమీ అడగకుండా పిల్లల మధ్యకు పంపే చోటు పిల్లలకు క్షేమం కాదు.
• పిల్లలకు తల్లిదండ్రులు ఉన్నారా? వారిని కుటుంబాలకు తిరిగి చేర్చే పని జరుగుతోందా?
• మీ పని అక్కడి నర్సులకు, టీచర్లకు నేర్పేదా, లేక పిల్లలను ఆడించేదా? మొదటిది మీరు వచ్చేశాక కూడా మిగులుతుంది.

అక్కడ ఉన్నప్పుడు

• మీరు వెళ్లే తేదీ మొదటి రోజే చెప్పండి. క్యాలెండరులో పిల్లలకు చూపించండి.
• ఒక్క బిడ్డను “నా బిడ్డ” చేసుకోకండి. బిడ్డ ఏడుస్తూ మీ దగ్గరికి వస్తే ఓదార్చి, రోజూ చూసుకునే మనిషి దగ్గరికి తీసుకెళ్లండి.
• మీ దిగులు పెద్దవాళ్లతో చెప్పుకోండి. రోజూ నాలుగు వాక్యాలు రాసుకోండి. వారంలో ఒక పూట పూర్తిగా విశ్రాంతి తీసుకోండి. నిద్ర, తిండి తప్పిపోతే కోపం, ఏడుపు రెండూ పెరుగుతాయి.
• “మళ్లీ వస్తాను” అనకండి. “నిన్ను గుర్తుంచుకుంటాను” అనండి. అది నిజం.

ఇంటికి వచ్చాక

వచ్చిన నెలలోనే మా బంధువుల పెళ్లిలో విస్తళ్లలో వదిలేసిన అన్నం చూసి నేను భోజనం మధ్యలో లేచిపోయాను. ఇంట్లోవాళ్లు ఐదు నిమిషాలు ఫొటోలు చూసి టీవీ వైపు తిరిగితే కోపం వచ్చింది. తిరిగివచ్చినవారికి ఇదీ మామూలే. పరాయి దేశంలో ఒకసారి, సొంత ఇంట్లో మరొకసారి మనసు కిందపడుతుంది. ఎవరినీ తప్పుపట్టకుండా, వినే ఓపిక ఉన్న ఒక్కరిని చూసుకోండి. కుటుంబసభ్యులకు ఒక మాట: “ఎలా జరిగింది?” అని అడిగి ఊరుకోకండి. “ఏది కష్టమనిపించింది?” అని అడగండి.

రెండు వారాలు దాటినా నిద్ర పట్టకపోయినా, దేనిమీదా ఆసక్తి లేకపోయినా, తప్పు చేశానన్న భావం వెంటాడుతున్నా డాక్టరును కలవండి. బతకాలని లేదనిపిస్తే ఒక్క రోజు కూడా ఆగకండి. ప్రభుత్వ టెలి మానస్ నంబరు 14416కు ఏ వేళనైనా ఫోన్ చేయవచ్చు, తెలుగులోనూ మాట్లాడతారు.

చివరగా మన ఊళ్ల సంగతి. క్రిస్మస్‌కు, పుట్టినరోజులకు మనం కేకులు తీసుకుని పిల్లల హాస్టళ్లకు వెళ్తాం. ఒళ్లో కూర్చోబెట్టుకుని ఫొటో దిగి వచ్చేస్తాం. ఆ పిల్లలకూ తల్లులు ఉండవచ్చు. ఆ కేకు డబ్బుతో ఒక తల్లి బస్సు చార్జీ పెట్టుకుని నెలకోసారి బిడ్డను చూసి వెళ్లగలదేమో, హాస్టలు వార్డెన్‌గారిని అడిగి చూడండి.

సీయెం రీప్‌లోని ఆ అబ్బాయికి ఇప్పుడు పాతికేళ్లు దాటి ఉంటాయి. వాడి ప్రశ్నకు నేను అప్పుడు జవాబు చెప్పలేదు. “ఆరు వారాలకు వెళ్తాను, శుక్రవారం పొద్దున” అని చెప్పాల్సింది. ఇప్పుడు టీకాలకు వచ్చే ప్రతివారినీ ముందుగా వాడి ప్రశ్నే అడుగుతున్నాను.