వేపపూత వేళ బందరు వీధులు

పంచాంగం ప్రకారం చైత్ర వైశాఖాలు వసంత ఋతువు. బందరు ఎండ మాత్రం ఈ లెక్కకు ఒప్పుకోదు. వైశాఖంలో పట్టపగలు ఈ ఊరి వీధుల్లో నడిచేవానికి ఎదురయ్యేది వసంతం కాదు, నిలువెల్లా గ్రీష్మమే. కృష్ణ సముద్రంలో కలిసే ఈ కొసప్రాంతంలో వసంతం భీష్మైకాదశి నాటికి అడుగుపెట్టి, శివరాత్రికి చలిని సాగనంపి, శ్రీరామనవమి పందిళ్ళు విప్పేవేళకు తానూ సెలవు తీసికొంటుంది. అంటే ఉజ్జాయింపుగా రెండు నెలలు. ఆ రెండు నెలల్లోనే మామిడిపూత పిందె కడుతుంది. బాదంచెట్లు ఎర్రబారిన ఆకులను దులిపివేసి కొత్తచిగురు తొడుగుతాయి. రావిచెట్టు రాగిరేకుల వంటి లేతాకులతో తళతళలాడుతుంది. చివరగా వేప పూస్తుంది. అప్పుడు ఉదయంపూట ఏ వీధిమలుపు తిరిగినా ఆ తియ్యని చేదువాసన మనిషిని పలుకరిస్తుంది.

దురదృష్టమేమంటే, సరిగ్గా ఆ దినాలలోనే పరీక్షలు వస్తాయి. ఇంటర్మీడియేటు విద్యార్థులకు, పదవతరగతి పిల్లలకు మామిడిపిందెలు కనిపించవు. గోడకు తగిలించిన పరీక్షల పట్టిక కనిపిస్తుంది. పిల్లల పరీక్షలు ముగిసేసరికి ఉపాధ్యాయుల పరీక్ష మొదలవుతుంది. జవాబుపత్రాల కట్టలు విప్పి కూర్చున్నవారికి కిటికీలోనుండి వినబడే కోకిల కూత కూడా ఏకాగ్రతను చెరిపే అల్లరిగానే తోస్తుంది. ప్రకృతి మనస్సుకు ఎక్కువ సాయపడగలిగిన కాలంలోనే గురువులూ శిష్యులూ తలుపులు మూసికొని కూర్చుంటున్నారు. బడి గంట కొట్టకముందు ఒక గంట ఇందుకు కేటాయించడం ఎవరికీ అసాధ్యం కాదు. చదువు పాడవుతుందన్న భయమే అడ్డు వస్తుంది.

ఆ భయానికి ఆధారం అంతగా లేదనడానికి ఒక పరిశోధన ఉన్నది. అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో గ్రెగరీ బ్రాట్‌మన్, ఆయన సహచరులు దానిని 2015లో ప్రకటించారు. 38 మందిని రెండు జట్లు చేసి, ఒక జట్టును చెట్లున్న పచ్చికబయలులోను, రెండవ జట్టును వాహనాల రద్దీ గల రహదారి వెంటను 90 నిమిషాలు నడిపించారు. పచ్చికబయలులో నడిచినవారికి తమ లోపాలనూ దిగుళ్ళనూ పదేపదే నెమరువేసికొనే స్వభావం తగ్గింది. రహదారి వెంట నడిచినవారికి తగ్గలేదు. నడకకు మాత్రమే కాదు, నడిచే చోటుకూ ఫలితంలో వాటా ఉన్నదన్నమాట. ముప్పైయెనిమిది మంది చిన్నలెక్కే కాబట్టి దీనిని వేదవాక్యంగా పట్టుకోనక్కరలేదు. కాని కొట్టివేయనూ అక్కరలేదు.

మన ఆలంకారికులకు ఈ సంగతి వేరొక దారిన తెలుసు. కావ్యానికి వారు విధించిన పద్ధెనిమిది వర్ణనలలో పురము, సముద్రము, ఋతువు, ఉద్యానము, సూర్యోదయము ఉన్నవి. ఈ ఐదూ ఒక్క ఉదయాన కాలినడకకు అందే ఊళ్ళు ఆంధ్రదేశంలో ఎన్నో లేవు. బందరు అటువంటి ఊరు. శైలవర్ణన ఒక్కటే ఇక్కడ కుదరదు. కొండ చూడాలంటే బెజవాడకు పోవలసిందే. చెళ్ళపిళ్ళ వేంకటశాస్త్రి పాఠాలు చెప్పిన ఊరు ఇది. గుడివాడకు సమీపంలోని నందమూరులో పుట్టిన విశ్వనాథ సత్యనారాయణ ఆయన వద్ద చదువుకొన్న ఊరు ఇది. ఆ శిష్యుడు తరువాత ‘ఋతుసంహారము’ పేరుతో ఋతువుల మీద ఒక కావ్యమే వ్రాశాడు. బందరు వీధుల్లో నడిచిన బాల్యానికి ఆ కావ్యంలో ఎంత భాగమున్నదో తూచి చెప్పడం కష్టం. ఏమీ లేదనడం మాత్రం ఇంకా కష్టం.

అయినా బందరులో నడకకు ఒక చిక్కున్నది. ఈ ఊళ్ళో నాలుగు అడుగులు వేస్తే ఒక గతవైభవం ఎదురవుతుంది. గతవైభవం దిగులును పోగొట్టదు, సాధారణంగా పెంచుతుంది. ఇంగ్లీషువారి తొలి ఓడ ఇక్కడకు 1611లో వచ్చింది. వారికంటె ముందే డచ్చివారు, తరువాత ఫ్రెంచివారు వచ్చి వ్యాపారశాలలు కట్టారు. ఆ ముగ్గురూ పోయినా వారి జాడలు మూడు పేటల పేర్లలో నిలిచిపోయినవి: హాలెండువారిది వలందపాలెం, పరాసులనబడిన ఫ్రెంచివారిది పరాసుపేట, మూడవది పేరులోనే తెలుస్తున్న ఇంగ్లీషుపాలెం. 1902లో కృష్ణాపత్రిక పుట్టినది ఈ ఊళ్ళోనే. జాతీయ కళాశాల వెలసినది ఇక్కడే. భోగరాజు పట్టాభిసీతారామయ్య 1923లో ఆంధ్రా బ్యాంకును స్థాపించినదీ ఇక్కడే. ఆ బ్యాంకు 2020 ఏప్రిల్ 1న యూనియన్ బ్యాంకులో కలిసిపోయింది. రేవు పోయింది, పత్రిక పోయింది, బ్యాంకు పేరూ పోయింది అని నిట్టూర్చడం బందరులో అరుగుల మీద కూర్చునేవారికి ఒక అలవాటు. ఆ నిట్టూర్పు విని పెరిగే పిల్లలకు తాము ఆలస్యంగా పుట్టామనే భావం కలుగుతుంది. అది మంచి భావం కాదు.

ఆ అరుగు దిగి నడిచినవానికి ఊరు మరొకవిధంగా కనిపిస్తుంది. తెల్లవారుజామున కోనేరు సెంటరు నుండి బయలుదేరడం మేలు. ఉప్పుసత్యాగ్రహం నాడు, 1930లో, తోట నరసయ్యనాయుడు లాఠీదెబ్బలు తింటూ జాతీయజెండాను విడువకుండా నిలిచిన చోటు అది. ఆ వేళకు అంగళ్ళు తెరవరు. బస్సుల రొద మొదలుకాదు. అక్కడినుండి గొడుగుపేట వైపో, బచ్చుపేట వైపో సందులు పట్టి నడిస్తే ప్రహరీగోడల పైనుండి మామిడికొమ్మలు వీధిలోకి తొంగిచూస్తుంటాయి. ముగ్గు పెట్టడానికి కల్లాపి చల్లిన నేలమీద వేపపూత తెల్లగా రాలి ఉంటుంది. చీపురుతో ఊడ్చిన కొంతసేపటికే మళ్ళీ రాలుతుంది. ఇల్లాండ్రు విసుక్కొంటారు గాని, చెట్టు కొట్టివేయమని ఎవరూ అనరు.

చెట్లను శ్రద్ధగా చూచేవారికి ఒక విషయం స్ఫురిస్తుంది. ఈ ఊరి చెట్లు వేప, కానుగ, గంగరావి, కొబ్బరి, తాడి. కానుగ, గంగరావి ఉప్పునేలను ఓర్చుకొనే జాతులు. కొబ్బరి సంగతి చెప్పనక్కరలేదు. మిగిలినవీ సముద్రపుగాలిని సహించేవే. బందరు వసంతం కావ్యాలలోని వసంతం వంటిది కాదు. ఇక్కడ అశోకాలు, మొల్లలు అరుదు. ఇది ఉప్పును దిగమింగి పూసిన చెట్ల వసంతం.

ఎంత ఉప్పు దిగమింగవలసివచ్చినదో తెలియాలంటే ఊరికి దూరంగా సముద్రంవైపున్న బందరుకోట దాకా పోవాలి. 1864 నవంబరు 1వ తేదీ రాత్రి తుపాను వచ్చింది. సముద్రం కట్టకట్టుకొని ఊరిమీద పడింది. ఆ ఒక్క రాత్రిలో ఈ ప్రాంతంలో సుమారు 30,000 మంది మరణించారు. ఉప్పునీరు ముంచిన చోట ప్రాణనష్టం ఒక్కరోజుతో ముగిసినా, నేలకు తగిలిన దెబ్బ అంత త్వరగా మానదు. బావులు ఉప్పగిలుతాయి, చెరువునీరు నోట పెట్టుకోరాదు, చేలు చవుడుబారుతాయి. ఇంగ్లీషువారు తమ సైనికస్థావరాన్ని ఇక్కడినుండి ఎత్తివేశారు. ఊరివారు ఎత్తివేయలేదు. 1843లో నోబుల్ దొర ప్రారంభించిన పాఠశాల ఆ తుపానును దాటుకొని కళాశాలగా పెరిగింది. కృష్ణాపత్రిక, జాతీయ కళాశాల, ఆంధ్రా బ్యాంకు మొదలైనవన్నీ ఆ రాత్రి తరువాతివే! అరుగుమీద నిట్టూర్చేవారు ఏ వైభవాన్ని తలచుకొని నిట్టూరుస్తున్నారో అందులో సగం, నాశనమైపోయినదనుకొన్న ఊళ్ళో మళ్ళీ మొలిచినది. కోటలోని శిథిలభవనాల గోడలమీద రావిమొక్కలు చిగిర్చి ఉండే ఈ మాసంలో ఈ మాటకు వేరే సాక్ష్యం అవసరం లేదు.

దివిసీమవారికి ఇది చరిత్ర కాదు, అనుభవం. 1977 నవంబరు 19న ఉప్పెన నాగాయలంక, కోడూరు, అవనిగడ్డ ప్రాంతాలను ముంచినప్పుడు పదివేలమంది దాకా మరణించారని ప్రభుత్వపు లెక్క. ఆనాటి పిల్లలు ఈనాడు అరవైయేళ్ళకు అటూఇటూ ఉన్నారు. పెద్దలు చెప్పే ఆ కథ విని నిద్రపట్టని పిల్లవానికి పగటివేళ ఏటిగట్టు వెంట నడిచి, మినుము పీకిన చేలనూ, ముఖద్వారంలోని మడచెట్లనూ చూపించవచ్చు. మాటలతో చెప్పే ధైర్యం ఆ చూపుతో సాటిరాదు.

కాలినడక ఊరితో ఆగనక్కరలేదు. బందరు నుండి గుడివాడ వైపు రైలెక్కితే చిలకలపూడి దాటగానే పెడన వస్తుంది. వసంతంలో పెడన వీధులను చూడడమే ఒక చికిత్స. కలంకారీ అద్దకానికి ఎండ ఒక పనిముట్టు. వానాకాలంలో అది చేతికి సరిగా దొరకదు, ఈ కాలంలో పుష్కలంగా దొరుకుతుంది. గంజి పోయేదాకా ఉతికిన బట్టను కరక్కాయ రసంలో ముంచి ఆరవేస్తారు. బెల్లపునీళ్ళలో తుప్పుపట్టిన ఇనుము నానవేసి పులియబెట్టిన రసంతో, టేకు అచ్చులతో నల్లని గీతలు వేస్తారు. ఎరుపు రావలసిన చోట పటిక అద్దుతారు. ఇక్కడే ఉన్నది వింత. పటిక అద్దినప్పుడు అక్కడ ఎరుపన్నది లేనేలేదు. బట్టను పారేనీటిలో కడిగి, వెనుకటికి చిరువేరుతోను ఈనాడు అలిజరిన్‌తోను రాగికాగులో ఉడికిస్తే, పటిక తగిలిన చోట మాత్రమే ఎర్రపూవు విచ్చుకొంటుంది. పర్షియా దాకా, ఐరోపా దాకా పోయిన బందరు అద్దకాల రహస్యం ఇంతే. రసాయనశాస్త్రం బోధించే ఉపాధ్యాయుడు తరగతిని ఒకపూట ఇక్కడకు నడిపించుకొని వస్తే, పాఠ్యపుస్తకంలో రెండు పేజీలు తనంతతానే అర్థమవుతాయి. పిల్లలకు ఉల్లాసం అదనపు లాభం.

మరునాడు సాయంకాలమైతే దారి మార్చవచ్చు. మధ్యాహ్నం వేడి తగ్గాక సముద్రం మీదినుండి పైరగాలి వీస్తుంది. ఆ గాలికి ఎదురుగా గిలకలదిండి వైపు నడిస్తే, ఏప్రిల్ 15 తరువాతనైతే, పడవలు ఒడ్డునే విశ్రమించి ఉంటాయి. చేపలు గ్రుడ్లు పెట్టే కాలమని జూన్ 14 వరకు మరపడవల వేట నిషేధం. ఈ రోజుల్లో జాలరులు వలలు బాగుచేసికొంటారు. రాబడి లేని రెండు నెలలవి. వారి వసంతంలో దిగులు పాలు ఎక్కువని నడిచేవాడు మరచిపోరాదు. పదకొండు కిలోమీటర్ల దూరంలోని మంగినపూడి తీరం నడకకు ఎక్కువే. అక్కడి ఇసుక నల్లరేగడివలె మెత్తగా కాలికి అంటుకొంటుంది. ఆ తీరంలోనే 2023 మేలో కొత్త రేవుకు శంకుస్థాపన జరిగింది. పూనాలో బయలుదేరిన 65వ జాతీయ రహదారి బందరుకు వచ్చి ముగుస్తుంది. ముగిసినదని భూగోళపటం అంటుంది. ఓడ ఎక్కదలచినవానికి అక్కడే మొదలు.

ఇంత చెప్పినా నడక సర్వరోగనివారిణి కాదు. వారాల తరబడి నిద్రాహారాలు పట్టని దిగులుకు, పరీక్షాఫలితాల వేళ బ్రతుకే వద్దనిపించే నిరాశకు, వేపగాలి చాలదు. అటువంటి పిల్లవానిని ఒంటరిగా నడకకు పంపడం కాదు, వైద్యుని వద్దకు తోడుగా పోవడం పెద్దల పని. ప్రభుత్వంవారి టెలి మానస్ 14416 సంఖ్యకు ఏ వేళనైనా మాట్లాడవచ్చు. ఈ సంఖ్యను ప్రతి తరగతి గోడమీద, పరీక్షల పట్టిక ప్రక్కనే, వ్రాసి ఉంచడం మంచిది.

ఉగాది ముందటి సాయంకాలం కోనేరు సెంటరులో వేపపూత అమ్మకానికి వస్తుంది. చిన్న చిన్న పొట్లాలు కట్టి, మామిడిపిందెల ప్రక్కన పెట్టి అమ్ముతారు. బేరమాడి కొనేవారు బోలెడుమంది. వారిలో చాలామంది ఇంటికి తిరిగిపోయే సందులోనే, తలెత్తితే అందేంత ఎత్తున, అదే పూత గుత్తులు గుత్తులుగా ఊగుతుంటుంది. ఆ చెట్టు క్రింద బడిపిల్లలిద్దరు మాత్రం కండువా పరచి, కొమ్మను దులుపుతూ, నవ్వుకొంటూ ఉంటారు.