నాన్న పద్మినికి కొత్త ప్రాణం: ఒరిజినల్ ఎక్కడ ఉంచాలి, పైసలు ఎక్కడ పెట్టాలి?

ఫోన్ డిస్‌ప్లే పగిలి షాపుకు వెళ్తే ముందు అడిగేది ఒకటే: "ఒరిజినల్ వేయాలా, కాపీ వేయాలా?" రేటు విన్నాక మనలో చాలామంది కాపీకే ఓకే అంటాం. పోయిన ఏడాది ఇదే ప్రశ్న గద్వాలలో ఒక మెకానిక్ షెడ్డులో నాకు ఎదురైంది. కాకపోతే ముందున్నది ఫోన్ కాదు, 1979 మోడల్ ప్రీమియర్ పద్మిని.

నాన్న దాన్ని 1994లో కర్నూలులో సెకండ్ హ్యాండ్‌లో కొన్నాడు. 2009లో రిజిస్ట్రేషన్ గడువు అయిపోయాక వనపర్తిలో మా ఇంటి వెనక రేకుల షెడ్డులో పెట్టేశాం. నేను జాబ్‌లో చేరి మూడేళ్లు, చేతిలో రెండున్నర లక్షలు. "ఆ పైసలకు సెకండ్ హ్యాండ్ ఆల్టో వస్తది గదరా" అంది అమ్మ. నాన్న మాత్రం, "ఆలంపూర్ దాకా నడుస్తదా బిడ్డా?" అని అడిగి ఊరుకున్నాడు. నాకు అదే రిక్వైర్‌మెంట్ డాక్యుమెంట్.

పద్మిని తెలియనివాళ్లకు స్పెసిఫికేషన్లు చెప్తా. ఇది ఫియట్ 1100డీకి మన దేశపు రూపం, బొంబాయి కుర్లాలో ప్రీమియర్ ఆటోమొబైల్స్ తయారు చేసింది. 1089 సీసీ పెట్రోల్ ఇంజన్, సుమారు 40 హార్స్‌పవర్, స్టీరింగ్ పక్కనే గేర్ లివర్. నాలుగు చక్రాలకూ డ్రమ్ బ్రేకులే. ముంబై నలుపు-పసుపు ట్యాక్సీ అంటే ఇదే. అక్కడి చివరి పద్మిని ట్యాక్సీ 2023 అక్టోబర్‌లో రోడ్డు మీంచి తప్పుకుంది.

మొదటి తప్పు నాదే. బండిని సరిగ్గా చూడకముందే ఆన్‌లైన్‌లో గ్రిల్, హబ్‌క్యాప్‌లు, స్టీరింగ్ వీల్ తెప్పించా. 18 వేలు. అన్‌బాక్సింగ్ వీడియో కూడా తీశా! తర్వాత డ్రైవర్ సీటు కింద మ్యాట్ ఎత్తితే ఫ్లోర్ లేదు. తుప్పు తినేసింది, కింద మట్టి కనపడుతోంది.

ఇక్కడ ఒక విషయం అర్థం చేసుకోవాలి. అంబాసిడర్ లాగే పద్మినికీ జీపుకు ఉన్నట్టు విడిగా చాసిస్ ఫ్రేమ్ ఉండదు. బాడీయే చాసిస్. తలుపుల కింద ఉండే సిల్స్, ఫ్లోర్ బరువు మోస్తాయి. అక్కడ తుప్పు పడితే అది బ్యాక్ ప్యానెల్ మీద గీత కాదు, మదర్‌బోర్డు పోవడం. పుట్టీ పెట్టి రంగు కొడితే ఫొటోలో బాగుంటుంది, గుంతలో పడ్డప్పుడు తెలుస్తుంది.

డీసీఎంలో ఎక్కించి నాగర్‌కర్నూల్ తీసుకెళ్లా. అక్కడ అంబాసిడర్ల మీద చెయ్యి తిరిగిన టింకరింగ్ మేస్త్రి ఉన్నాడు. కుళ్లిన రేకు మొత్తం కోసి, కొత్త రేకు వంచి వెల్డింగ్ చేశాడు. 70 వేలు. అంత ఖర్చు చేశాక బయటికి కనపడేది సున్నా. గద్వాల చీరలో ఒళ్లంతా నూలు, అంచూ కొంగూ పట్టు కదా, బండికి మాత్రం ఉల్టా. కనపడని చోటే పట్టు పెట్టాలి.

అసలు గొడవ ఇంజన్ దగ్గర వచ్చింది. గద్వాల మెకానిక్, "సారూ, పాత ఇంజన్ ఎందుకు? మారుతి ఇంజన్ కూసోబెడతా. మైలేజీ వస్తది, పార్టులు ఏడ జూసినా దొరుకుతయ్" అన్నాడు. అబద్ధం కాదు, రిపేర్ ఖర్చుతో చూస్తే అదే చవక. కానీ ఇంజన్ నంబర్ ఆర్సీలో ఉంటుంది. మార్చితే రవాణా శాఖ దగ్గర మార్పు నమోదు చేయించాలి. పైగా మౌంటింగులు కోయాలి, గేర్‌బాక్స్ మారాలి, అంటే స్టీరింగ్ గేర్ పోతుంది. ఒకసారి కోశాక రివర్ట్ బటన్ లేదు. ఈవీ కిట్ సంగతీ చూశా. ఆమోదం పొందిన కిట్టే వేయాలి, దాని బ్యాటరీ ధర మా బడ్జెట్ మొత్తాన్ని మింగేస్తుంది. పక్కన పెట్టేశా.

పాత బ్లాకునే బోరింగ్ చేయించి, కొత్త పిస్టన్లు వేసి, హెడ్ లేత్‌కు పంపాం. 55 వేలు. అదే సమయంలో డైనమో తీసి ఆల్టర్నేటర్ పెట్టా, పాయింట్ల బదులు ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్ వేశా. పాత వైరింగ్ తీసేసి, అదనపు ఫ్యూజులు, హెడ్‌లైట్లకు రిలేలతో కొత్తది లాగించా. ఇవి ఒరిజినల్ కాదు, అందులో నాకు సిగ్గేం లేదు. బోల్టులు విప్పితే సాయంత్రానికి పాత స్థితికి తేవచ్చు. డైనమో గోనెసంచిలో చుట్టి అటక మీద పెట్టా. బ్రేకుల్లో మాత్రం డ్రమ్ములు ఉంచి, వీల్ సిలిండర్లు, హోసులు అన్నీ కొత్తవి. అక్కడ బేరం ఆడలేదు.

"2029కి బండికి 50 ఏళ్లు నిండుతాయి, వింటేజ్ నంబర్ తీసుకో" అని ఫ్రెండ్స్ అన్నారు. 2021 జూలైలో కేంద్రం తెచ్చిన రూల్స్ ప్రకారం 50 ఏళ్లు దాటి, చాసిస్, బాడీ, ఇంజన్‌లలో పెద్ద మార్పులు లేని బండికి 'వీఏ' అక్షరాలున్న ప్రత్యేక నంబర్ ఇస్తారు. మొదటి రిజిస్ట్రేషన్‌కు ఫీజు 20 వేలు, తర్వాతి రీ-రిజిస్ట్రేషన్‌కు 5 వేలు. వినడానికి బాగుంది. అయితే ఆ నంబర్‌తో ర్యాలీకో, ఎగ్జిబిషన్‌కో, పెట్రోల్‌కో, రిపేర్‌కో తప్ప మామూలుగా రోడ్డెక్కకూడదు. చౌమహల్లా ప్యాలెస్‌లో నిజాం రోల్స్‌రాయిస్ నిలబడి ఉన్నా అందం తగ్గదు. మా నాన్నకు మాత్రం గుడికి పోని బండి ఎందుకు? అందుకే మామూలు రెన్యువల్‌కే వెళ్లాం. 20 ఏళ్లు దాటిన కార్లకు 2025 ఆగస్టు నుంచి ఆ ఫీజు 10 వేలు, ఆలస్య రుసుము అదనం.

రంగు దగ్గర ఇంకో తమాషా. డ్యాష్‌బోర్డు వెనక గీకితే లేత ఆకుపచ్చ బయటపడింది, కంపెనీ రంగు అదే. నాన్న కొన్నప్పటికే తెలుపు, ఆర్సీలోనూ తెలుపే. నా చిన్నప్పటి ఫొటోలన్నింట్లో తెల్ల కారే. కలెక్టర్లు తప్పంటారేమో, తెలుపే కొట్టించా. డ్యాష్‌బోర్డు వెనక ఆకుపచ్చ ముక్క అలాగే వదిలేశాం.

టైర్లూ ఇన్సూరెన్సూ కలిపితే బడ్జెట్ 20 వేలు దాటింది. మొన్న పెబ్బేరు మీదుగా హైవే ఎక్కి, బీచుపల్లి దగ్గర కృష్ణ దాటి ఆలంపూర్ వెళ్లొచ్చాం. నాన్న 60 దాటనివ్వలేదు. ఎర్రవల్లి చౌరస్తాలో టీకి ఆగితే ఒక పెద్దమనిషి బండి చుట్టూ తిరిగి, "బంపర్ గిట్ల ఉన్నదేంది?" అన్నాడు. క్రోమ్ చేయించడానికి ఈసారి పైసలు మిగల్లేదు. ఆ 18 వేల గ్రిల్ కూడా ఇంకా డబ్బాలోనే ఉంది, అది పద్మినిలో వేరే ఏడాది మోడల్‌దట.