పొట్టి కాళ్ల కొండ జాగిలం

వేటకుక్క అనగానే పొడుగు కాళ్లు, లోపలికి పోయిన పొట్ట, బాణంలాంటి పరుగు గుర్తొస్తాయి. ఆస్ట్రియాలోని ఆల్ప్స్ కొండల డాక్స్‌బ్రాకె జాగిలం ఈ లెక్కలో ఇమడదు. భుజం దగ్గర దాని ఎత్తు 34 నుంచి 42 సెంటీమీటర్లే. ఒళ్లు మాత్రం ఆ ఎత్తుకు ఒకటిన్నర రెట్లు పొడవు. ఈ పొట్టితనాన్ని వేటగాళ్లు కావాలనే నిలుపుకున్నారు. ఎందుకంటే ఆ కుక్క పని పరుగు పందెం కాదు. గుండు తగిలి పారిపోయిన జింక జాడను గంటల తర్వాత కూడా ఒక నెత్తుటి చుక్క, ఒక గిట్ట వాసన ఆధారంగా పట్టుకోవాలి. వెనక పొడవాటి పగ్గం పట్టుకుని మనిషి నిటారు వాలు ఎక్కుతుంటాడు. ముందున్న కుక్క నింపాదిగా నడిస్తేనే అతను జారిపడకుండా వెంట వెళ్లగలడు. కుందేలునో నక్కనో తరిమేటప్పుడూ అంతే: మొరుగుతూ మెల్లగా వస్తే ఆ జంతువు బెదిరి కొండ దాటిపోదు. ఆస్ట్రియా యువరాజు రుడాల్ఫ్ 1881, 1885లలో ఈజిప్టు, టర్కీ వేటలకు వీటినే తీసుకెళ్లాడు. 1991లో అంతర్జాతీయ శునక సమాఖ్య ఈ జాతిని హనోవర్, బవేరియా జాగిలాల సరసన, గాయపడ్డ జంతువుల జాడ తీసే వర్గంలో చేర్చింది. ఆ రెండూ దీనికంటే పొడుగైనవి. కాళ్ల కొలతను పక్కనపెట్టి పనితనానికిచ్చిన గుర్తింపు అది.

మంచులో పొట్టి కుక్క కూరుకుపోదా అని అడగవచ్చు. లోతైన కొత్త మంచులో దానికి కష్టమే, ఒప్పుకోవాలి. అయితే కొండపైని గుబురు పొదల కింద దూరడానికి ఆ ఎత్తే సాయం, రెండు పొరల దట్టమైన బొచ్చు చలికి కాపు. అసలు బరువైన అభ్యంతరం వేరే ఉంది. ఎదుగుదలకు సంబంధించిన ఎఫ్‌జీఎఫ్4 అనే జన్యువుకు అదనపు నకలు చేరడం వల్ల డాక్స్‌హుండ్, బాసెట్ వంటి జాతుల కాళ్లు పొట్టిబారాయని 2009లో శాస్త్రవేత్తలు తేల్చారు. అదే జన్యువుకు మరోచోట చేరిన ఇంకో నకలుకు వెన్నుపూసల మధ్య డిస్కులు దెబ్బతినే జబ్బుతో సంబంధం ఉందని 2017లో బయటపడింది. పొట్టి కుక్కలను పెంచేవారెవరూ ఈ హెచ్చరికను తేలిగ్గా తీసుకోకూడదు. కాకపోతే ముద్దుగా ఉండాలని కాళ్లను ఇంకా ఇంకా కుదించడం వేరు, 34 సెంటీమీటర్లకు తగ్గకూడదని హద్దు గీసుకుని కొండ ఎక్కి చూపమనడం వేరు. నడవలేని కుక్కకు ఆ కొండల్లో వేటగాడి దగ్గర చోటుండదు. మన నగరాల ఫ్లాట్లలో డాక్స్‌హుండ్‌లను పెంచుకునేవారికి ఒక్క మాట: వెన్ను దెబ్బతినకుండా వాటి బరువు పెరగనివ్వకండి, సోఫాల మీంచి దూకనివ్వకండి, మెట్ల దగ్గర చేతుల్లోకి తీసుకోండి.