లాగడం ఒక ఎత్తు, ఆపడం ఒక ఎత్తు

ట్రాక్టరు కొనాలని షోరూముకు వెళ్లిన రైతు మొదట అడిగే మాట "ఎన్ని హార్స్‌పవర్?" అని. రెండో మాట "ట్రక్కులో ఎన్ని బస్తాలు లాగుద్ది?" అని. "మీరు ఎన్ని వేస్తే అన్ని లాగుద్ది బాబాయ్" అంటాడు అమ్మే కుర్రాడు. ఆ మాటలో సగమే నిజం ఉంది. చదునైన తారురోడ్డు మీద ఏ ట్రాక్టరయినా లాగుతుంది. చిక్కంతా మడిలోంచి డొంకెక్కేటప్పుడు, కాలువ వంతెన ఎక్కేటప్పుడు, అంతకు మించి ఆ వంతెన దిగేటప్పుడు వస్తుంది. ఇది బండి ఇంటికొచ్చాక తెలిస్తే లాభం లేదు. అప్పటికే వాయిదాలు మొదలైపోతాయి.

కోస్తాలో ట్రక్కు అంటాం, తెలంగాణలో ట్రాలీ అంటారు, కొన్నిచోట్ల ట్రైలరు అంటారు. పేరేదైనా ట్రాక్టరు ఏడాది పొడవునా చేసే పనిలో పెద్ద భాగం దీన్ని లాగడమే. దుక్కికి సరిపోతుందా అని చూసి కొంటే చాలదు. ట్రక్కుకు సరిపోతుందా అన్నది కూడా కొనకముందే లెక్క వేసుకోవాలి. ఆ లెక్క కష్టమేం కాదు, బస్తాల లెక్క వచ్చిన ప్రతి రైతుకూ వస్తుంది.

ముందు బరువు తేల్చుకోండి

75 కిలోల ధాన్యం బస్తాలు 60 వేశామనుకుందాం. 4,500 కిలోలు. ఖాళీ ట్రక్కు బరువు 1,500 కిలోలు. మొత్తం 6 టన్నులు. చాలామంది బస్తాల బరువే చెబుతారు, ట్రక్కు బరువు మరచిపోతారు. ధాన్యం పచ్చిగా ఉంటే బరువు ఇంకా పెరుగుతుంది. చెరకు, ఇసుక, తడి పశువుల ఎరువు చూడ్డానికి కొంచెమే అనిపించినా తూకంలో మోసం చేస్తాయి. పత్తి, వరిగడ్డి ఇందుకు తిరగబడి ఉంటాయి. బరువు తక్కువ, ఎత్తు ఎక్కువ. వాటితో లాగుడు సమస్య ఉండదు గానీ మలుపులో పక్కకు ఒరిగే ప్రమాదం ఉంటుంది.

ఈ 6 టన్నులను కదిలించడానికి ఎంత బలం కావాలన్నది నేలను బట్టి మారుతుంది. మంచి తారురోడ్డు మీద బరువులో నూటికి 2 వంతులు, అంటే 120 కిలోల లాగుడు చాలు. గట్టి మట్టిరోడ్డు మీద 4, 5 వంతులు, అంటే 240 నుంచి 300 కిలోలు. మెత్తటి పొలంలో 10 వంతులు, అంటే 600 కిలోలు. నేల దిగబడితే ఇంకా ఎక్కువ. ఇరవై అడుగులకు ఒక అడుగు లేచే ఎత్తు ఎక్కాలంటే దీనికి తోడు మరో 300 కిలోలు కలపాలి.

హార్స్‌పవర్ చేసే పని ఎంత?

లాగుడు బలాన్ని కిలోల్లో తీసుకుని, గంటకు ఎన్ని కిలోమీటర్ల వేగమో దాంతో గుణించి, 270తో భాగిస్తే కావలసిన హార్స్‌పవర్ వస్తుంది. పైన చెప్పిన ట్రక్కు తారురోడ్డు మీద ఆ ఎత్తు ఎక్కాలంటే 420 కిలోలు కావాలి. ట్రాక్టరు తన 2 టన్నుల బరువును తాను మోసుకెళ్లడానికి మరో 140. మొత్తం 560 కిలోలు. గంటకు 12 కిలోమీటర్ల వేగంతో ఎక్కితే సుమారు 25 హార్స్‌పవర్ సరిపోతుంది. 18 కిలోమీటర్లతో ఎక్కాలంటే 37 కావాలి.

ఇంజను పవరంతా చక్రాల దాకా రాదు. గేర్లలో కొంత పోతుంది. 35 హార్స్‌పవర్ బండికి చక్రాల దగ్గర 30 మిగిలిందనుకుంటే, ఆ ఎత్తును 14 కిలోమీటర్ల వేగంతో ఎక్కుతుంది. 45 హార్స్‌పవర్ బండి 18తో ఎక్కుతుంది. మీ దారిలో ఉన్నది ఒకటి రెండు వంతెనలయితే తేడా నిమిషం, రెండు నిమిషాలు. దానికోసం పెద్ద బండికి అప్పు చేయాలా అన్నది ఆలోచించాలి. పైగా 50 హార్స్‌పవర్ దాటిన కొత్త ట్రాక్టర్లకు 2023 జనవరి 1 నుంచి పొగ నిబంధనలు కఠినమయ్యాయి. వాటి ఇంజన్ల ఖరీదు పెరిగింది, రిపేరుకు కంపెనీ మెకానిక్కు మీద ఆధారపడడమూ పెరిగింది.

పట్టు లేకపోతే పవరు దండగ

ఇక పొలం సంగతి. మెత్తటి మడిలో 600 కిలోల లాగుడుతో గంటకు 4 కిలోమీటర్లు నడవాలంటే 9 హార్స్‌పవర్ చాలు. అయినా 45 హార్స్‌పవర్ బండి కూడా చక్రాలు తిప్పుకుంటూ అక్కడే దిగబడుతుంది. కారణం పవరు లేకపోవడం కాదు, నేలమీద పట్టు లేకపోవడం.

మామూలు ట్రాక్టరుకు వెనక చక్రాలే లాగుతాయి. 1,900 కిలోల బండిలో వెనక చక్రాల మీద పడేది సుమారు 1,200 కిలోలు. గట్టి పొడినేల మీద అందులో సగం, అంటే 600 కిలోల దాకా పట్టు దొరుకుతుంది. తడినేల మీద నాలుగో వంతు, అంటే 300 కిలోలు దొరికితే గొప్ప. 600 కావలసినచోట 300 ఉంటే బండి కదలదు. ఎక్సిలేటరు తొక్కినకొద్దీ గొయ్యి లోతవుతుంది, డీజిలు అయిపోతుంది.

అందుకే హార్స్‌పవర్‌తో పాటు బండి బరువు, వెనక టైరు సైజు అడగాలి. టైర్లలో నాలుగింట మూడు వంతులు నీళ్లు పట్టిస్తే టైరు సైజును బట్టి ఒక్కోదానికి 150 నుంచి 250 కిలోల బరువు చేరుతుంది. ఇది దాదాపు ఖర్చు లేని పని. నాలుగు చక్రాలూ లాగే బండి అయితే బరువంతా పట్టుకు పనికొస్తుంది గానీ ధర ఎక్కువ. దమ్ము ఎక్కువగా చేసే డెల్టా రైతుకు అది లాభం, మెట్ట రైతుకు అంత అవసరం ఉండదు. అన్నిటికంటే చవకైన ఉపాయం, తడిమడిలోంచి పాతిక బస్తాల లోపే వేసుకుని రెండు మూడు దఫాలుగా డొంక మీదికి చేర్చి, అక్కడ పూర్తి లోడు కట్టుకోవడం.

రెండు చక్రాలా, నాలుగు చక్రాలా?

నాలుగు చక్రాల ట్రక్కు తన బరువు తానే మోసుకుంటుంది, ట్రాక్టరు మీద బరువు మోపదు. ఎక్కువ లోడు వేయవచ్చు, రోడ్డు మీద నిలకడగా ఉంటుంది. కానీ వెనక్కి తోలడం కష్టం. రెండు చక్రాల ట్రక్కు లోడులో కొంత భాగాన్ని కొక్కెం మీద మోపుతుంది. అందువల్ల ట్రాక్టరు వెనక చక్రాలకు పట్టు పెరుగుతుంది. చిన్న డొంకల్లో తిప్పుకోవడం, ఎరువు గుమ్మరించడం సులువు.

ఈ పట్టుకు ఒక వెల ఉంది. హైవే మీద కంటెయినర్లు మోసే ట్రెయిలరు లారీని గమనించండి. ట్రెయిలరు ముందు భాగం లారీ వెనక ఇరుసుల పైనే ఉన్న గుండ్రటి పళ్లెం మీద కూర్చుంటుంది. దాన్నే ఫిఫ్త్ వీల్ అంటారు, అంటే ఐదో చక్రం. బరువు ఇరుసు మీదే పడుతుంది కాబట్టి లారీ ముందు భాగం లేవదు. మన ట్రాక్టరుకు కొక్కెం ఇరుసుకు వెనక ఉంటుంది. రెండడుగులు వెనకనున్న కొక్కెం మీద 500 కిలోలు పడితే ముందు చక్రాల మీద 150 కిలోలకు పైగా తగ్గిపోతుంది. ఎత్తు ఎక్కేటప్పుడు ఇంకా తగ్గుతుంది. స్టీరింగు తేలిగ్గా తిరుగుతోందంటే సంతోషించకండి, ముందు చక్రాలు నేలను వదిలేస్తున్నాయని అర్థం. ట్రాక్టరు బరువులో కనీసం ఐదో వంతు ముందు చక్రాల మీద నిలవాలి. లేదంటే ముందు ఇనుప బరువులు బిగించుకోవాలి.

బస్తాలు పేర్చడంలోనూ జాగ్రత్త ఉండాలి. రెండు చక్రాల ట్రక్కులో లోడు వెనక్కి ఎక్కువైతే కొక్కెం పైకి లేచి ట్రాక్టరు వెనక భాగాన్ని ఎత్తేస్తుంది. అప్పుడు పట్టూ పోతుంది, బ్రేకూ పోతుంది.

ట్రక్కు తగిలించేది ఎప్పుడూ కంపెనీ ఇచ్చిన కొక్కేనికో, డ్రాబారుకో మాత్రమే. దిగబడినప్పుడు తొందరలో గొలుసు తీసుకెళ్లి టాప్ లింకుకో, ఇరుసు కంటే ఎత్తులో ఉన్న మరోచోటికో కట్టడం ప్రాణాల మీదికి తెస్తుంది. ముందు భాగం గాల్లోకి లేచి ట్రాక్టరు వెనక్కి తిరగబడడానికి రెండు క్షణాలు పట్టదు. క్లచ్చు తొక్కే వ్యవధి కూడా దొరకదు.

ఆపే లెక్క

లాగే లెక్క తప్పితే బండి ఆగిపోతుంది, అంతే. ఆపే లెక్క తప్పితే మనిషి పోతాడు. మన ఊళ్లలో తిరిగే ట్రక్కుల్లో చాలావాటికి బ్రేకు ఉండదు. ట్రాక్టరు బ్రేకు వెనక రెండు చక్రాలకే. 2 టన్నుల ట్రాక్టరు తన బరువుకు మూడింతలున్న ట్రక్కును కూడా తానే ఆపాలి.

లెక్క ప్రకారం చదును తారురోడ్డు మీద, గంటకు 20 కిలోమీటర్ల వేగంలో బ్రేకు పట్టిన దగ్గర నుంచి సుమారు 15 మీటర్లకు ఆగుతుంది. 30 కిలోమీటర్ల వేగంలో 34 మీటర్లు పోతుంది. ఇరవైకి ఒకటి దిగుడులో ఈ దూరాలు దాదాపు రెట్టింపవుతాయి. వేగం రెట్టింపయితే దూరం నాలుగింతలు అవుతుంది. రోడ్డు తడిగా ఉంటే చెప్పనక్కర్లేదు. వెనకనున్న ట్రక్కు ముందుకు తోసుకొచ్చి ట్రాక్టరును పక్కకు మడిచేస్తుంది.

కాబట్టి కొత్తగా ట్రక్కు చేయించుకునేవారు బ్రేకు పెట్టమని పట్టుబట్టి అడగాలి. ట్రాక్టరు ఆగినప్పుడు ట్రక్కు ముందుకు తోసే ఒత్తిడితోనే పట్టే బ్రేకులు ఉన్నాయి. ట్రాక్టరు హైడ్రాలిక్‌తోనో, గాలితోనో పనిచేసేవీ ఉన్నాయి. 2025 సెప్టెంబరు 22 నుంచి ట్రాక్టర్ల మీద జీఎస్టీ 12 శాతం నుంచి 5 శాతానికి తగ్గింది. కొటేషనులో ఆ మేరకు తగ్గిందో లేదో చూసుకుని, మిగిలిన డబ్బులో కొంత ఈ బ్రేకుకు పెట్టండి.

రోడ్డెక్కేముందు రెండు బ్రేకు పెడళ్లనూ కలిపి లాకు వేయాలి. విడిగా ఉండి ఒకటే పట్టిందంటే బండి గిర్రున తిరుగుతుంది. ఏ గేరులో ఎత్తు ఎక్కుతామో ఆ గేరులోనే దిగాలి. డీజిలు కలిసొస్తుందని న్యూట్రల్ చేయడం, క్లచ్చు నొక్కి జారనివ్వడం పనికిరాదు. కొక్కెం పిన్నుకు అడుగున చిన్న లాకు పిన్ను తప్పనిసరి. ట్రక్కు వెనక ఎర్ర రిఫ్లెక్టర్లు అతికించాలి. రాత్రిపూట రోడ్డు పక్కన ఆగిన ట్రక్కు వచ్చేవాడికి కనబడదు.

కాగితాలు

ట్రక్కుకు ట్రాక్టరుతో సంబంధం లేకుండా వేరే రిజిస్ట్రేషన్ ఉండాలి. బీమా పాలసీలో ట్రక్కును కూడా చూపించి ప్రీమియం కట్టాలి. వ్యవసాయానికని పాలసీ తీసుకుని ఇసుకో ఇటుకో కిరాయికి తోలితే, ప్రమాదం జరిగిన రోజున పరిహారం దగ్గర పేచీ వస్తుంది. ట్రక్కులో కూలీలను ఎక్కించుకోవడం చట్టానికి విరుద్ధం. నాట్లకు, కోతలకు వెళ్లే ఆడకూతుళ్లను నిండుగా ఎక్కించుకుని కాలువ కట్టల మీద తోలే అలవాటు మానుకోవాలి. బోల్తా పడితే ఆ కుటుంబాలతో పాటు బండి యజమాని కుటుంబమూ వీధిన పడుతుంది.

ఇంతకీ కొనాలా?

ఐదెకరాల రైతు ఎకరాకు 40 బస్తాలు పండిస్తే 200 బస్తాలు. 60 చొప్పున నాలుగు ట్రిప్పులు. రెండు పంటలకు ఎనిమిది. ఎరువు తోలకం, గడ్డి కలిపినా సొంత పని కొద్దిరోజులే. వాయిదా మాత్రం ఏడాదంతా ఉంటుంది. కాబట్టి ఇరుగుపొరుగు దుక్కులు, తోలకాలు ఎన్ని రోజులు ఖాయంగా దొరుకుతాయో కాగితం మీద రాసుకున్న తరువాతే భూమి తాకట్టు పెట్టాలి. ఊళ్లో ఇప్పటికే పది బండ్లు ఉంటే పదకొండోదానికి కిరాయి ఎక్కడిది? అలాంటిచోట కిరాయికి తెచ్చుకోవడమో, నలుగురు రైతులు కలిసి ఒక్కటి కొనడమో మేలు. సెకండ్ హ్యాండు కొనేవారు ఇంజను శబ్దం విని మురిసిపోకుండా, లోడు ట్రక్కు తగిలించి వంతెన ఎక్కించి, దించి చూడాలి.

కొత్త బండి విషయంలో కంపెనీ కరపత్రం మీద ఉండేది ఇంజను పవరు. కొక్కెం దగ్గర దొరికేది అంతకంటే తక్కువ. మధ్యప్రదేశ్‌లోని బుద్నీలో ఉన్న కేంద్ర ప్రభుత్వ సంస్థ ట్రాక్టరు మోడళ్లను పరీక్షించి రిపోర్టు ఇస్తుంది. డ్రాబారు పవరు, గరిష్ఠ లాగుడు, బ్రేకు పరీక్ష వివరాలు అందులో ఉంటాయి. ఆ రిపోర్టు చూపించమని డీలరును అడగండి. అనంతపురం జిల్లా గార్లదిన్నెలోనూ ఇలాంటి కేంద్ర సంస్థ ఉంది, అక్కడ రైతులకు యంత్రాల వాడకంలో శిక్షణ ఇస్తారు.

షోరూములో అడగవలసిన మాటలు ఐదే: బండి బరువెంత, వెనక టైరు సైజెంత, కొక్కెం మీద ఎంత బరువు మోపవచ్చు, డ్రాబారు దగ్గర లాగుడు ఎంత, ట్రక్కు బ్రేకుకు కనెక్షను ఉందా. ఈ ఐదింటికీ జవాబు దొరికాక హార్స్‌పవర్ సంగతి అడిగినా ఆలస్యం కాదు. ఆపైన సంతకం పెట్టకముందే మీ ఊరి డొంకలో, మీ వంతెన మీద, మీరు వేసే లోడుతోనే ట్రయలు వేయించుకోండి.